సాయంత్రం పూట పాలు ఏ తేదీవి? పాల కేంద్రాల పాత రికార్డుల్లో తేదీలు తేల్చిన కేస్ స్టడీ

ఒక పాల సంఘం తన పరిధిలోని సేకరణ కేంద్రాల పాత రికార్డులన్నిటినీ ఒకే డేటాబేస్‌లోకి తెచ్చుకోవాలనుకుంది. రైతులకు బోనస్ లెక్క మళ్లీ కట్టాలి, పాత బిల్లుల్లో తేడాలున్నాయన్న ఫిర్యాదులు తేల్చాలి. పనంతా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చేశాం. లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాని ఘన పదార్థం), రేటు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. మా సమయమంతా తిన్నవి తేదీ, పూట అన్న రెండు కాలమ్‌లే.

పాల లెక్కలో తేదీ తప్పితే ఏమవుతుందో ముందు చెప్పాలి. ఈ సంఘంలో 1 నుంచి 15 దాకా ఒక బిల్లు, 16 నుంచి నెలాఖరు దాకా ఇంకో బిల్లు. ఏప్రిల్ 5న పోసిన పాలు మే 4 కింద పడితే ఏప్రిల్ బిల్లులో ఆ పూట డబ్బులు కనిపించవు. మధ్యలో రేటు చార్ట్ మారి ఉంటే రేటూ మారిపోతుంది. రెండు గేదెల మీద ఇల్లు నడుపుకునే మనిషికి ఒక పూట పాల డబ్బులు చిన్న విషయం కాదు. అందుకే మొదటి రోజే ఒకటి ఖాయం చేసుకున్నాం: తేలని తేదీని ఊహించి వేయకూడదు. ఖాళీగా ఉంచి, ఎందుకు తేలలేదో పక్కన రాయాలి.

ఈ నిర్ణయంతోనే సగం దారులు మూసుకుపోతాయి. పైథాన్‌లో ఏ తేదీ ఇచ్చినా ఏదో ఒకటి అర్థం చేసుకునే లైబ్రరీలు ఉన్నాయి. డేట్‌యుటిల్ అనే లైబ్రరీలోని పార్సర్, అంటే రాతను చదివి తేదీగా మార్చే భాగం, అలాంటిదే. దానికి 05/04/2021 ఇస్తే మామూలుగా నెల ముందు అనుకుని మే 4 అంటుంది. 13/04/2021 ఇస్తే 13వ నెల లేదు కాబట్టి చప్పుడు చేయకుండా ఏప్రిల్ 13 అంటుంది. రోజు ముందు అని మనం చెప్పినా అది సూచనగా మాత్రమే తీసుకుంటుంది. 04/13/2021 వస్తే మళ్లీ తిప్పేసుకుంటుంది, ఎర్రర్ రాదు. పట్టికల డేటాను చదివే పాండాస్ లైబ్రరీ కూడా 2.0 వెర్షన్ కంటే ముందు ఒకే కాలమ్‌లో ఒక్కో వరుసను ఒక్కో రకంగా చదివేసేది. 2023లో వచ్చిన 2.0 నుంచి మొదటి విలువను చూసి ఒక ఫార్మాట్ అనుకుని, మిగతావి దానికి సరిపోకపోతే ఎర్రర్ ఇస్తోంది. ఆ మార్పు నాకు బాగా నచ్చింది. ఎర్రర్ వస్తే మనిషి చూస్తాడు, తప్పు తేదీ వస్తే ఎవరూ చూడరు.

ఇంకో ఉదాహరణ. కొన్ని షీట్ల మొదట్లో ఆర్థిక సంవత్సరం 2010-11 అని శీర్షికలా రాసి ఉంది. డేట్‌యుటిల్‌కు అది 2010 నవంబర్. రోజు చెప్పలేదు కాబట్టి ఇవాళ్టి రోజును తీసుకొచ్చి పెడుతుంది. అంటే అదే ఫైల్‌ను రేపు నడిపితే వేరే తేదీ వస్తుంది. ఇలాంటి దాన్ని డబ్బు లెక్కల దగ్గరికి రానివ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

‘ఈ’ అన్న ఇంగ్లిష్ అక్షరం మింగేసిన సాయంత్రాలు

డేటా లోడ్ చేసి, ఒక్కో కేంద్రానికి రోజులు ఒక వైపు, ఉదయం సాయంత్రం ఇంకో వైపు పెట్టి క్యాలెండర్ గీశాం. కొన్ని కేంద్రాల్లో ఉదయాలన్నీ నిండుగా ఉన్నాయి, సాయంత్రాలు మాత్రం నెలలకు నెలలు ఖాళీ. ఊళ్లో సాయంత్రం పాలు పోయకపోవడం ఉండదు కదా.

ఆ కేంద్రాల్లో పాలను కొలిచి నమోదు చేసే పాత మిషన్ తేదీని, పూటను కలిపి ఒకే కోడ్‌గా రాసేది. రోజుకు రెండంకెలు, నెలకు రెండంకెలు, పూటకు ఒక ఇంగ్లిష్ అక్షరం, సంవత్సరానికి రెండంకెలు. ఏప్రిల్ 5 ఉదయం అయితే 0504ఎం21, సాయంత్రం అయితే 0504ఈ21. మార్నింగ్‌కు ఎం, ఈవెనింగ్‌కు ఈ. పెన్‌డ్రైవ్‌లో వచ్చిన సీఎస్‌వీ ఫైల్‌ను (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల పట్టికను) కేంద్రం సెక్రటరీ ఎక్సెల్‌లో తెరిచి, ఒకసారి చూసుకుని, సేవ్ చేసి పంపేవారు. అందరూ చేసేదే.

ఎక్సెల్‌కు 0504ఎం21 ఒక మాట. దాని జోలికి పోదు. 0504ఈ21 మాత్రం దాని కంటికి సంఖ్య. అంకెల మధ్య ఈ ఉంటే పది ఘాతం అని అర్థం కాబట్టి 504 తర్వాత 21 సున్నాలు అనుకుంటుంది. గడిలో 5.04ఈ+23 అని చూపిస్తుంది. సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెర మీద కనిపించేదే ఫైల్‌లోకి పోతుంది, అసలు కోడ్ పోతుంది. ఇలా సాయంత్రం వరుసలే చెడిపోయాయి, ఉదయం వరుసలకు ఏమీ కాలేదు.

ఎక్సెల్ తెరవకపోయినా గండం తప్పదు. ఒక ఫైల్‌లో సాయంత్రం పూట రికార్డులే ఉంటే పాండాస్ ఆ కాలమ్ మొత్తాన్ని దశాంశ సంఖ్యలుగా చదివేస్తుంది. అందుకే ప్రతి ఫైల్‌నూ, ప్రతి కాలమ్‌నూ ముందు అక్షరాలుగానే చదివాం. ఏది సంఖ్యో ఏది తేదీయో తర్వాత మేం తేల్చాం. ముందున్న సున్నాలు కూడా అలాగే నిలబడ్డాయి. ఇంకో రకం మిషన్‌లో 050421 అని ఉండేది ఎక్సెల్ చేతిలో పడి 50421 అయ్యేది. ఆరంకెలు ఉండాల్సిన చోట అయిదే ఉంటే ఎదుట సున్నా చేర్చాం. రోజు మొదట రాసే మిషన్ అని తెలుసు కాబట్టి అందులో ఊహ ఏమీ లేదు.

చెడిపోయిన సాయంత్రాలను వెనక్కి తేవచ్చా? చాలా వరకు తేవచ్చు. ఎక్సెల్ ఫైల్‌గానే సేవ్ చేసిన చోట లోపల పూర్తి సంఖ్య ఉంటుంది, తెర మీద మాత్రమే కుదించి చూపిస్తుంది. అక్కడ కోడ్ మొత్తం తిరిగి వచ్చింది. సీఎస్‌వీగా సేవ్ చేసిన చోట రెండు దశాంశ స్థానాలకు గుండ్రం చేసిన విలువే మిగిలింది. 1 నుంచి 9 దాకా తేదీలకు కోడ్‌లో మొదటి సున్నా పోతే మూడంకెలే ఉంటాయి, ఆ మూడూ 5.04 రూపంలో పూర్తిగా కనిపిస్తాయి. రెండంకెల తేదీలకు నాలుగంకెలు ఉంటాయి, నాలుగోది పోతుంది. 2504ఈ21 కాస్తా 2.50ఈ+24 అవుతుంది. రోజు 25 అని, సంవత్సరం 21 అని తెలుస్తుంది. నెల మాత్రం జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఏదైనా కావచ్చు. మే నుంచి డిసెంబర్ దాకా అయితే 2.51గా కనిపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. 1.10ఈ+23 తీసుకోండి. అది 0110ఈ21 కావచ్చు, అంటే 2021 అక్టోబర్ 1. లేదా 1101ఈ20 నుంచి 1104ఈ20 దాకా ఏదైనా కావచ్చు, అంటే 2020లో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఏ నెలలోనైనా 11వ తేదీ. ఘాతం ఒకటి పెరగడం, అంకె ఒకటి తగ్గడం ఒకదాన్నొకటి సరిచేసుకుని ఒకే సంఖ్య దగ్గరికి వస్తాయి. కాగితం మీద అన్ని తేదీలూ వేసి చూస్తే ఈ తికమక 1, 2, 3 తేదీల్లో, అదీ జనవరి, అక్టోబర్, నవంబర్ నెలల్లోనే వస్తుంది. 5.04ఈ+23కు ఆ భయం లేదు, 50వ తేదీ ఉండదు కాబట్టి.

అయితే ఈ లెక్కతో తేదీని తయారు చేయలేదు, తేదీని పరీక్షించడానికి వాడాం. మిషన్ ఫైల్‌లో వరుసలు పాలు పోసిన క్రమంలోనే ఉంటాయి. 0504ఎం21 వరుసలు అయిపోయాక, 0604ఎం21 వరుసలు మొదలయ్యే లోపు ఉన్న చెడిపోయిన గుంపు ఏప్రిల్ 5 సాయంత్రమే. ఇరుగుపొరుగు వరుసలు ఆ తేదీ చెబుతాయి, దాన్ని గుండ్రం చేస్తే 5.04ఈ+23 రావాలి. రెండూ కలిస్తేనే ఒప్పుకున్నాం. సెక్రటరీ ఎవరైనా షీట్‌ను రైతు కోడ్ ప్రకారం సార్ట్ చేసి ఉంటే వరుస క్రమం పోతుంది, అప్పుడు ఈ దారి పనిచేయదు. అలాంటి ఫైళ్లను వేరే కట్ట కట్టాం.

నెల మొదట్లో పన్నెండు రోజులు

కొన్ని కేంద్రాల్లో మిషన్ ఫైళ్లు లేవు, సెక్రటరీ స్వయంగా ఎక్సెల్‌లో కొట్టిన షీట్లే ఉన్నాయి. వాటిలో 05/04/2021 అని కొట్టినప్పుడు ఏం జరిగిందన్నది ఆ కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్‌ను బట్టి ఉంటుంది. అమెరికా సెట్టింగ్‌తో వచ్చిన కంప్యూటర్ అయితే దాన్ని మే 4గా తీసుకుని నిజమైన తేదీగా దాచుకుంటుంది. 13/04/2021 కొడితే దానికి అర్థం కాదు, ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. తెర మీద తేడా ఒక్కటే: తేదీలు గడిలో కుడి వైపుకు, అక్షరాలు ఎడమ వైపుకు ఉంటాయి.

లోపల చూస్తే తేదీ అన్నది ఒక రోజుల లెక్క. 2021 ఏప్రిల్ 5 అంటే 44291, మే 4 అంటే 44320. 1899 డిసెంబర్ 30 నుంచి రోజులు లెక్కపెడితే ఇవి వస్తాయి. 1899 డిసెంబర్ 31 కాకుండా 30 ఎందుకంటే, లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్‌తో పొందిక కోసం ఎక్సెల్ 1900ను లీపు సంవత్సరంగా లెక్కపెడుతుంది, లేని ఫిబ్రవరి 29కి 60 అన్న నంబర్ ఇస్తుంది. ఆ ఒక్క రోజును సరిచేయడానికి మనం మొదలును ఒక రోజు వెనక్కి జరుపుతాం.

అలాంటి ఏప్రిల్ షీట్‌ను మా క్యాలెండర్‌లో వేస్తే బొమ్మ వింతగా ఉంటుంది. 13 నుంచి 30 దాకా ఏప్రిల్‌లో నిండుగా ఉంటుంది. మొదటి 12 రోజుల్లో 4వ తేదీ తప్ప మిగతావి మాయమై, జనవరి 4, ఫిబ్రవరి 4, మార్చి 4 అంటూ డిసెంబర్ 4 దాకా నెలకొక చుక్కగా చెల్లాచెదురవుతాయి. మే నెలలో పంపిన షీట్‌లో డిసెంబర్ పాలు ఉన్నాయంటే అక్కడే తెలిసిపోతుంది. ఈ లక్షణం ఉన్న ఫైల్‌లో నిజమైన తేదీలుగా ఉన్న గడులన్నిటికీ రోజు, నెల తారుమారు చేశాం, అక్షరాలుగా ఉన్నవాటిని రోజు ముందు పద్ధతిలో చదివాం. ఏ గడికా గడి చూసి తిప్పడం కాదు, ఫైల్ మొత్తానికి ఒకే తీర్పు. ఒక మనిషి ఒక కంప్యూటర్ మీద కొట్టిన షీట్‌లో పద్ధతి ఒక్కటే ఉంటుంది. గడిని విడిగా అడిగితే చెప్పలేనిది ఫైల్ మొత్తాన్ని అడిగితే చెబుతుంది.

నెలలో కొన్ని రోజులే ఉన్న చిన్న షీట్లలో ఈ లక్షణమూ కనిపించదు. అక్కడ రిమార్కుల కాలమ్ ఆదుకుంది. 06/04/2019 పక్కన ఉగాది అని రాసి ఉన్న షీట్ ఒకటుంది. 2019లో ఉగాది ఏప్రిల్ 6న వచ్చింది, జూన్ 4న కాదు. ఆ ఒక్క మాటతో ఆ షీట్ మొత్తం తేలింది. ఏ కాలమ్ పనికిరాదని ముందే తీసేయకూడదని దీన్ని చూశాక మా కుర్రాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

తెలుగులో రాసిన తేదీలు

పాత పుస్తకాల నుంచి ఎక్కించిన రికార్డుల్లో ౫-౪-౨౧ సా. అని, జులై 12 ఉదయం అని, ఆగస్టు, ఆగస్ట్, ఆగష్టు అని రకరకాలుగా ఉన్నాయి. తెలుగు అంకెలతో భయం లేదు. పైథాన్‌లో ఇంట్ ఫంక్షన్‌కు ౧౫ ఇస్తే 15 ఇస్తుంది. కానీ రాతను తేదీగా చదివే స్ట్రిప్‌టైమ్ ఫంక్షన్ లోపల వాడే రెజెక్స్ (అక్షరాల నమూనా) అన్ని చోట్లా తెలుగు అంకెలను ఒకేలా ఒప్పుకోదు కాబట్టి, ముందే వాటిని మామూలు అంకెలుగా మార్చేశాం.

నెలల పేర్లే అసలు పని పెట్టాయి. జులై అన్న మాట కొన్ని వరుసల్లో దొరికేది, కొన్నిట్లో దొరికేది కాదు. తెర మీద రెండూ ఒకటే. తేడా ఐత్వంలో ఉంది. కంప్యూటర్లలో అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వం దాని కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. కంటికి ఒకేలా ఉన్నా పోలికలో వేరు. ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఇలాంటి వేర్వేరు రాతలను ఒకే రూపంలోకి తేవడం) చేస్తే రెండూ ఒకటవుతాయి. సెప్టెంబర్ లాంటి మాటల చివర పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంటుంది, కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతటవే చేరుస్తాయి. దాన్ని నార్మలైజేషన్ తీయదు, మనమే తీయాలి.

ఆ తర్వాత మా సొంత పట్టిక పెట్టుకున్నాం. ప్రతి నెలకు మా డేటాలో నిజంగా కనిపించిన రూపాలన్నీ అందులో ఉంటాయి. పట్టికలో లేనిది వస్తే ఆగాలి, దగ్గరగా ఉందని కలపకూడదు. సిస్టమ్ లొకేల్‌ను (భాష, ప్రాంతం సెట్టింగ్‌ను) తెలుగుకు మార్చి స్ట్రిప్‌టైమ్‌తోనే నెల పేర్లు చదివించవచ్చు. కానీ ఒక్కో మెషిన్‌లో ఆ పేర్లు ఒక్కోలా ఉంటాయి, పైగా లొకేల్ మారిస్తే ప్రోగ్రామ్ మొత్తానికి మారుతుంది. పన్నెండు నెలల పట్టిక రాసుకోవడం అంతకన్నా తేలిక. ఇంగ్లిష్‌లోనూ ఇదే కథ: సెప్టెంబర్‌ను మూడక్షరాల పొట్టి రూపంలో రాస్తేనే స్ట్రిప్‌టైమ్ ఒప్పుకుంటుంది, చాలామంది రాసే నాలుగక్షరాల రూపాన్ని ఒప్పుకోదు.

గంటలు, నిమిషాలు

ఉ.6.30 అని రాస్తే ఆరున్నర అని తెలుగు చదివే ఎవరికైనా తెలుసు. ఎక్సెల్‌కు 6.30 అంటే 6.3. ఆ గడిని గంటల్లో భిన్నం అనుకుంటే ఆరు గంటల పద్దెనిమిది నిమిషాలవుతుంది. మేం దాన్ని మళ్లీ రెండు స్థానాలకు పెంచి 6.30 చేసి, చుక్క తర్వాతివి నిమిషాలుగా తీసుకున్నాం. అయిదూ అయిదు నిమిషాలను 5.05 అనే రాస్తారు కాబట్టి 5.5 అన్నది అయిదూ యాభై. ఆ సెక్రటరీల పుస్తకాలు తెప్పించి పోల్చి చూశాకే ఈ నియమం పెట్టాం, ఇంకెక్కడైనా ఇదే వర్తిస్తుందని చెప్పను.

కొత్త మిషన్ల స్లిప్పులో 05:45 పీఎం అని ఉండేది. మాకు ముందు ఇదే పని మొదలుపెట్టినవాళ్ల స్క్రిప్ట్‌లో ఫార్మాట్‌కు పెద్ద హెచ్, దాని పక్కన పీ వాడారు. పెద్ద హెచ్ అంటే 24 గంటల లెక్క. దాని పక్కన పీ ఉన్నా పైథాన్ ఏఎం పీఎంలను చదువుతుంది గానీ గంట మార్చదు. ఎర్రర్ రాదు. సాయంత్రం 5:45 పొద్దున 5:45 అయిపోతుంది. 12 గంటల లెక్కకు పెద్ద ఐ వాడాలి. ఈ ఒక్క అక్షరం తేడాతో ఒక కేంద్రం పాలన్నీ ఉదయం పూటలోకి వెళ్లాయి. ఒకే రైతు ఒకే ఉదయం రెండుసార్లు పాలు పోసినట్టు వచ్చాకే అది పట్టుబడింది.

బల్క్ కూలర్ (పాలను చల్లబరిచి నిల్వ ఉంచే పెద్ద ట్యాంకు) లాగ్‌లో 13 అంకెల సంఖ్య ఉంది. 1970 జనవరి 1 నుంచి మిల్లీసెకన్ల లెక్క అది, యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో). సెకన్లయితే ఇప్పటి కాలానికి 10 అంకెలే ఉంటాయి. మన టైమ్ యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందు. పొద్దున 5 గంటలకు కూలర్‌లో పడిన పాలు యూటీసీలో ముందు రోజు రాత్రి 11:30. మార్చకుండా తేదీ తీస్తే పెందలాడే పోసిన పాలన్నీ నిన్నటి ఖాతాలో పడతాయి. పైథాన్‌లో టైమ్ జోన్లు చూసే జోన్‌ఇన్ఫోలో ఆసియా కోల్‌కతా అని ఇచ్చి మార్చాకే తేదీ తీశాం. కొన్ని లాగ్‌లలో టైమ్ చివర ఐఎస్‌టీ అని రాసి ఉంది. స్ట్రిప్‌టైమ్ ఆ మాటను ఇండియా టైమ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ మీద ఒప్పుకుంటుంది, యూటీసీలో ఉన్న క్లౌడ్ సర్వర్ మీద ఎర్రర్ ఇస్తుంది. ఒప్పుకున్న చోట కూడా టైమ్ జోన్‌ను విలువలో పెట్టదు. ఆ మాటను కత్తిరించి, జోన్‌ను మేమే చేర్చాం.

సభ్యుల పుట్టిన తేదీల్లో రెండంకెల సంవత్సరాల సంగతి అందరికీ తెలిసిందే. పైథాన్ 69 నుంచి 99 దాకా 1900ల్లో, 00 నుంచి 68 దాకా 2000ల్లో వేస్తుంది. 58లో పుట్టిన రైతు 2058లో పుట్టినట్టవుతాడు. భవిష్యత్తు వస్తే వందేళ్లు తగ్గించాం.

ఎలా అమర్చాం, ఎలా సరిచూశాం

కోడ్‌లో అన్నిటికీ ఒకే పార్సర్ లేదు. ప్రతి రకం మిషన్‌కు, ప్రతి కేంద్రం షీట్‌కు ఒక చిన్న ఫంక్షన్. అది ఒక ఫార్మాట్‌నే చదువుతుంది, కొంచెం తేడా వచ్చినా ఆగుతుంది. ప్రతి వరుసలో అసలు రాత అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది, పక్కన తేలిన తేదీ, పూట, ఏ నియమంతో తేలిందో ఆ పేరు. నియమం తప్పని తర్వాత తెలిస్తే ఆ పేరుతో వరుసలన్నీ తీసి మళ్లీ చదవవచ్చు. పూటను గంటగా మార్చలేదు. ఉదయం అంటే 06:00 అని వేసేస్తే సార్టింగ్ సులువే, కానీ ఆ 06:00ను రేపు ఎవరో నిజమైన టైమ్ అనుకుంటారు. తేదీ ఒక కాలమ్, పూట ఒక కాలమ్.

సరిచూడడానికి పాల వ్యవహారమే మాకు కొలతలు ఇచ్చింది. ఒక రైతు కోడ్‌కు ఒక పూటలో ఒక్క వరుసే ఉండాలి. మధ్యలో ఖాళీ పూటలు ఉంటే కారణం ఉండాలి. ఫైల్ వచ్చిన తేదీ తర్వాతి పాలు అందులో ఉండకూడదు. అన్నిటికన్నా గట్టిది: పూటలో రైతులు పోసిన లీటర్ల మొత్తం, ఆ పూట కేంద్రం నుంచి పైకి పంపిన పాల మొత్తానికి దగ్గరగా ఉండాలి. పంపిన పాల రిజిస్టర్ వేరే చోట, వేరే చేతిరాతతో ఉంటుంది. తేదీ తప్పుగా తేలితే ఆ రెండు మొత్తాలూ ఒకేసారి రెండు చోట్ల తప్పుతాయి, ఒక పూట తక్కువ, ఇంకో పూట ఎక్కువ. ఆ జత కనిపిస్తే అది తేదీ తప్పే, కొలత తప్పు కాదు.

చివరికి సార్ట్ అయిపోయిన షీట్లలోని కొన్ని సాయంత్రాలు తేలలేదు. వాటిని రైతు కోడ్, లీటర్లు, ఫ్యాట్, వీలున్న తేదీలతో సహా ప్రింట్ తీసి కేంద్రాలకు పంపాం. సెక్రటరీలు రైతుల పాస్‌బుక్కులు పక్కన పెట్టుకుని ఒక్కో గడికీ టిక్కు పెట్టారు. పాస్‌బుక్ పోయినవాళ్లవి తేలని వరుసలుగానే డేటాబేస్‌లో ఉన్నాయి. బోనస్ లెక్కలో ఆ లీటర్లు ఏడాది మొత్తంలో కలుస్తాయి, పదిహేను రోజుల బిల్లులో మాత్రం కలవవు. మిషన్ల కంపెనీ వాళ్లతో మాట్లాడి ఎక్స్‌పోర్ట్ ఫార్మాట్ మార్పించాం. ఇప్పుడు ఫైల్‌లో 2021-04-05 అన్న రూపంలో సంవత్సరం ముందు వస్తుంది, పూట వేరే కాలమ్‌లో తెలుగులో ఉదయం, సాయంత్రం అని ఉంటుంది.